పాల కేంద్రం గోడ మీద నీటి లెక్క: అనంతపురం జిల్లాలో ఒక ఊరి అనుభవం

పంచాయతీలో పర్యావరణ అవగాహన కేంద్రం పెట్టాలనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఎక్కువమంది ముందు మాట్లాడేది భవనం గురించే. గది ఎంత ఉండాలి, ప్రొజెక్టర్ కొనాలా, గోడలకు ఏ బొమ్మలు వేయించాలి, ప్రారంభానికి ఎవరిని పిలవాలి. వాళ్లందరికీ నేను ఒకే ఊరి సంగతి చెబుతూ వచ్చాను. ఫోన్‌లో ఎప్పుడూ సగమే చెప్పగలిగాను. అందుకే ఈసారి మొత్తం రాస్తున్నాను.

ఊరు ఉమ్మడి అనంతపురం జిల్లాలోది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఎవరి బోరు ఎండింది, ఎవరు అప్పు చేశారు అన్న విషయాలు ఇందులో వస్తాయి. అవి వాళ్ల సొంత విషయాలు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా నేను అక్కడికి వెళ్లాను. భూగర్భ జలాల మీద జనానికి అవగాహన కల్పించాలి, నీటి వాడకం గురించి ఊరంతా కూర్చుని మాట్లాడుకునేలా చూడాలి. నాకు అప్పగించిన పని ఇంతే.

పద్ధతి మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 1995లో నెదర్లాండ్స్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీవెల్ అనే బోరుబావుల సాగు ప్రాజెక్టు మొదలైంది. దాని అనుభవం నుంచి తర్వాత రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే ఏపీఫామ్స్ ప్రాజెక్టు వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా నిలిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ 7 కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊళ్లో కూర్చుని పంటల నీటి లెక్క వేసుకున్నారు. ఎవరికీ డబ్బు ఆశ చూపలేదు, ఎవరినీ చట్టంతో బెదిరించలేదు. అది చూసి వచ్చిన మా సంస్థ పెద్దలు అదే పద్ధతిని మా చిన్న పరిధిలో చేసి చూద్దామన్నారు.

ఊరి నేల, ఊరి నీళ్లు

జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కింద గ్రానైటు రాయి. గోదావరి జిల్లాల మాదిరి ఇసుక పొరల్లో నీళ్లు నిండి ఉండవు. పైన మెత్తబడిన మొరం పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే నిలుస్తాయి. కాబట్టి నిల్వ చాలా తక్కువ. ఒక మంచి వాన కురిస్తే మట్టం చప్పున పైకి వస్తుంది, నాలుగు నెలలు మోటార్లు ఆడితే చప్పున పడిపోతుంది. చెరువు ఉంది గానీ నిండి మరవ పారి చాలా ఏళ్లయింది. పాత దిగుడు బావులు చాలావరకు ఎండాయి. వాటి అడుగునే బోర్లు దించారు, అవీ ఎండాక పొలాల్లో కొత్త బోర్లు వేశారు.

ఖరీఫ్‌లో వానకు వేరుశనగ, బోరు కింద వరి, కొంతమందికి చీనీ (బత్తాయి) తోటలు. చీనీ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. చెట్టు నాటాక కాపు రావడానికే అయిదేళ్లు పడుతుంది. కాపు మీదున్న తోట ఎండుతుంటే రైతు కళ్ల ముందు పోయేది ఒక పంట కాదు, పదేళ్ల కష్టం. ఆ తోటను నిలుపుకోవడానికి బోరు మీద బోరు వేసినవాళ్లను దగ్గరుండి చూశాను. బయటివాళ్లు దాన్ని అత్యాశ అంటే నాకు బాధ కలుగుతుంది. బోరు వేసే రిగ్గు బండి వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో చూడనివాళ్లే ఆ మాట అంటారు.

కమ్యూనిటీ హాల్లో పోయిన ఏడాది

మొదటి ఏడాది మేం చేసింది అందరూ చేసేదే. ఊళ్లో గుడి పక్కన కమ్యూనిటీ హాలు ఉంది. దానికి సున్నం వేయించాం, నీటి పొదుపు మీద పోస్టర్లు అతికించాం, బడి పిల్లలతో ర్యాలీ తీశాం, నెలకో సమావేశం పెట్టాం. వచ్చింది ఎప్పుడూ ఆ పదిహేను ఇరవై మందే. అందరూ మగవాళ్లు, అందరూ భూమి ఉన్నవాళ్లు. ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. ఆడవాళ్లు వాకిట్లో నిలబడి కాసేపు విని వెళ్లిపోయేవాళ్లు. హాలు తాళం ఒక పెద్ద ఇంట్లో ఉండేది. మీటింగు అన్నప్పుడల్లా ఆ ఇంటికి వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. ఆ హాలు ఎవరిదో, అందులోకి ఎవరు చనువుగా రాగలరో ఆ తాళమే చెబుతోందని నాకు అప్పుడు తట్టలేదు.

ఒక సమావేశంలో నేను భూగర్భ జలాలు తగ్గిపోతున్నాయని వివరంగా చెబుతున్నాను. ఒక పెద్దాయన లేచాడు. ఆయన మూడు బోర్లు వేసి మూడూ పోగొట్టుకున్న మనిషి.

"నీళ్లు తగ్గినాయని మాకు చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా నాయనా?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వాళ్లకు తెలియంది ఏదైనా నేను తెచ్చానా అని ఆ రాత్రి ఆలోచిస్తే, ఏమీ తేలేదని అర్థమైంది. నీళ్లు తగ్గాయని వాళ్లకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది ఎంత ఉన్నాయి, ఎంత వాడుతున్నాం అన్న లెక్క. ఆ లెక్క నేను చెబితే నా లెక్కవుతుంది. వాళ్లు కొలిస్తేనే వాళ్లదవుతుంది.

పాల కేంద్రం వసారా

నేను ఊళ్లో ఉండే ఇంటికి ఎదురుగా పాల కేంద్రం. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, సాయంత్రం మళ్లీ ఒక గంట, ఊళ్లో ఆవు గానీ గేదె గానీ ఉన్న ప్రతి ఇంటి నుంచి ఎవరో ఒకరు క్యాను పట్టుకుని అక్కడికి వస్తారు. భూమి లేని ఇళ్లు కూడా ఒక్క ఆవును పెట్టుకుని బతుకుతున్నాయి, వాళ్లూ వస్తారు. కాలనీ నుంచి వస్తారు. ఎక్కువమంది ఆడవాళ్లే. కొలత వేసి, వెన్న శాతం చూసి, చీటీ రాసిచ్చే దాకా వరుసలో నిలబడాలి. ఆ పది నిమిషాలు అందరూ మాట్లాడుకుంటారు. ఆ వరుసను దాదాపు ఏడాది పాటు రోజూ చూస్తూ, హాలుకు జనం రావడం లేదని నేను దిగులుపడుతూ ఉన్నాను.

పాల కేంద్రం కార్యదర్శిని అడిగితే వసారా గోడ వాడుకోమన్నాడు. ఆరడుగుల వెడల్పున నల్ల రంగు వేయించి గడులు గీయించాం. మొదట ఒకే ఒక్క లెక్క: తారీకు, కార్తె, వాన. అంతకు మించి ఏదీ రాయలేదు. పోస్టర్లు, నినాదాలు అసలు పెట్టలేదు.

వాన కొలిచే గేజిని ఎవరి ఇంటి దగ్గర పెట్టాలన్నది వసారాలోనే తేలింది. దానికి కొన్ని షరతులు ఉంటాయి. పక్కన గోడ గానీ చెట్టు గానీ ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో గేజి ఉండాలి, లేకపోతే గాలివాటున వచ్చే చినుకులు అందులో పడవు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి, వాతావరణ శాఖ చూసేది కూడా ఆ వేళకే. ఇంటి ముందు అంత ఖాళీ జాగా ఉండి, ఆ వేళకు ఇంట్లో ఉండే మనిషి కావాలి. కాలనీ అంచున ఉండే ఒక అక్క నేను చూస్తానంది. ఏడో తరగతి దాకా చదివింది. సెంటు భూమి లేదు, రెండు ఆవులున్నాయి. భూమి లేని మనిషి వాన లెక్క చూడడమేంటని ఒకరిద్దరు గొణిగారు. పాల చీటీలో తప్పులు పట్టేది ఆమేనని తక్కినవాళ్లు అనడంతో ఆ మాట అక్కడితో ఆగింది.

మొదటి వర్షాకాలంలో జరిగిన ఒక చిన్న సంగతి ఈ పనికంతటికీ పునాది వేసింది. ఒక రోజు పిల్లలు ఆడుకుంటూ గేజిలో చెంబెడు నీళ్లు పోశారు. ఆ రాత్రి నిజంగా నాలుగు చినుకులు కూడా పడ్డాయి. పొద్దున చూస్తే గొట్టం నిండా నీళ్లు. ఆ అంకె రాస్తే అది అబద్ధం. సున్నా రాస్తే అదీ అబద్ధమే. ఆమె గడిలో ఒక గీత గీసి వదిలేసింది. సాయంత్రం పాలకు వచ్చినవాళ్లందరూ అదేంటని అడిగారు. ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా చెప్పింది. ఆ గీత తర్వాతే ఊళ్లో ఆ గోడను నమ్మడం మొదలైంది. నేను ఎన్ని శిక్షణలు ఇచ్చినా అంత నమ్మకం తేలేకపోయేవాణ్ని.

రెండో గడి రైతులు అడిగితే వచ్చింది. 12 మిల్లీమీటర్లు అంటే ఎంత అని వాళ్లు అడుగుతుంటే నేను అంకెలతో చెప్పబోయాను. వాళ్లకు కావాల్సింది పదును. వాన పడ్డాక నేల ఎంత లోతు తడిసింది, నాగలి పట్టొచ్చా, విత్తనం వేయొచ్చా అన్నదే వాళ్లు తరతరాలుగా చూసే కొలత. గడ్డపారతో తవ్వి బెత్తెడా, జానెడా అని చూస్తారు. అందుకని ఎర్రనేలలో ఒక చోట, నల్లనేలలో ఒక చోట తవ్వి చూసి మిల్లీమీటర్ల పక్కనే ఆ కొలత కూడా రాయసాగారు. ఒకే వాన ఎర్రనేలలో జానెడు దిగితే నల్లనేలలో బెత్తెడే దిగడం కళ్ల ముందు కనిపించింది. రెండు కొలతలూ పక్కపక్కన ఉండేసరికి మిల్లీమీటరు అన్న మాట కొన్ని నెలల్లోనే ఊరి మాటల్లో కలిసిపోయింది.

బోరు లోపల ఏముందో

వాన దాకా అందరికీ ఇష్టమే. బోర్ల దగ్గరికి వచ్చేసరికి భయం మొదలైంది. లెక్క రాసుకుని మోటార్లకు మీటర్లు పెడతారని, ఉచిత కరెంటు తీసేస్తారని మాట పాకింది. నేను ఎంత కాదన్నా నమ్మలేదు, నమ్మమని అడిగే హక్కు కూడా నాకు లేదు. చివరికి వాళ్లే ఒక దారి చూశారు. గోడ మీద ఏ రైతు పేరూ ఉండదు, బోరుకు నంబరే ఉంటుంది, ఏ నంబరు ఎవరిదో ఊరికి తెలిస్తే చాలు. ఇష్టం ఉన్నవాళ్ల బోర్లే కొలుద్దాం అన్నారు. మూడు బోర్లు, ఒక పాత బావితో మొదలైంది.

నీటిమట్టం 15 రోజులకోసారి చూసేవాళ్లు. టేపు చివర ఒక ముక్క ఉంటుంది, అది నీళ్లకు తగలగానే పైన బీప్ అని మోగుతుంది. మోటారు ఆగి కొన్ని గంటలు గడిచాక కొలిస్తేనే అసలు మట్టం తెలుస్తుంది. కరెంటు వంతులవారీగా, కొన్నిసార్లు రాత్రిపూట వచ్చేది. కరెంటు రాగానే ఆటోమేటిక్ స్టార్టర్లు మోటార్లను వాటంతట అవే ఆడిస్తాయి. కాబట్టి కరెంటు వంతుకు ముందే వెళ్లాలి. చాలాసార్లు టార్చి లైటు వేసుకుని తెల్లవారుజామున వెళ్లాం.

బోరు ఎంత పోస్తుందో కొలవడానికి మాత్రం 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఊళ్లో బోరును ఇంచుల్లో చెప్పుకుంటారు, రెండించుల నీళ్లు, ఇంచున్నర నీళ్లు అని. బోరు వేసిన రోజు చూసిన ఇంచు అది. మూడేళ్ల తర్వాత కూడా రైతు మనసులో అదే ఇంచు ఉంటుంది. డ్రమ్ము నిండడానికి పట్టిన సెకన్లు లెక్కపెట్టాక, రెండించుల బోరు ఇప్పుడు ఎంత పోస్తోందో చూసి నోటమాట రాకుండా నిలబడిపోయిన రైతులున్నారు.

అక్టోబర్ లెక్క

అసలు పని హస్త, చిత్త కార్తెలు దాటాక, రబీకి నారు పోసే ముందు జరగాలి. అప్పటికి వానలు చాలావరకు అయిపోతాయి. ఎంత కురిసిందో తెలుసు, ఎంత దిగిందో ఒక అంచనా వేయొచ్చు, ఏం వేయాలన్నది ఇంకా మన చేతిలోనే ఉంటుంది. నెల ఆలస్యమైతే నాట్లు పడిపోతాయి, ఆ తర్వాత మాట్లాడి లాభం లేదు.

సాయంత్రం పాలు పోసుకున్నాక కేంద్రం ముందరే కూర్చున్నాం. ఆడవాళ్లు ముగ్గు పిండితో ఊరి పటం గీశారు. వాగు, చెరువు, గుట్టలు, పొలాలు, బోర్లు. ఏ గుట్ట మీద పడిన వాన ఎటు పారుతుందో గీసేటప్పుడు పక్క ఊరి నీళ్లు మన వాగులోకి వస్తాయా, మన నీళ్లు వాళ్లకు పోతాయా అని పెద్ద వాదనే జరిగింది.

తర్వాత లెక్క. దాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను, ఎవరైనా తమ ఊళ్లో వేసుకోవచ్చు. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్లు. ఏడాదికి 500 మిల్లీమీటర్లు కురిస్తే ఎకరానికి 20 లక్షల లీటర్లు. మన రాతి నేలల్లో అందులో పదో వంతు భూగర్భంలోకి దిగిందనుకుందాం, అంటే 2 లక్షల లీటర్లు. మిగిలింది ఆవిరవుతుంది, పంటలు తాగుతాయి, వాగులో పారిపోతుంది. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా నీళ్లు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే రబీలో బోరు కింద ఒక ఎకరం వరి పండాలంటే 24 ఎకరాల మీద కురిసి దిగిన నీళ్లు కావాలి. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే 10 ఎకరాల నీళ్లు చాలు.

ఒక అబ్బాయి బొగ్గుతో గచ్చు మీద ఈ అంకెలు వేస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. ముందు ఏడాది హాల్లో నన్ను ప్రశ్నించిన పెద్దాయనే మళ్లీ లేచాడు. వరి మడిలో నిలిపిన నీళ్లన్నీ పోవు కదా, కొన్ని మళ్లీ కిందికి దిగుతాయి కదా అన్నాడు. సరైన మాట. దాన్నీ లెక్కలోకి తీసుకున్నాం. అయినా ఒక ఎకరం వరి వెనక ఎన్నో ఎకరాల వాన ఉందన్న సంగతి మారలేదు. ఆయన అడిగిన తర్వాత ఆ లెక్క నాది కాకుండా పోయింది. దాన్ని పక్కవాళ్లకు చెప్పింది ఆయనే.

బోరు వైపు నుంచీ వేశాం. సెకనుకు 2 లీటర్లు పోసే బోరు గంటకు 7,200 లీటర్లు ఇస్తుంది. కరెంటు 7 గంటలు ఉంటే రోజుకు 50 వేల లీటర్లు. 100 రోజులకు 50 లక్షల లీటర్లు. అంటే ఒక్క ఎకరం వరికి సరిగ్గా సరిపోతుంది, అదీ మట్టం పడిపోకుండా ఉంటే. అవే నీళ్లు రెండున్నర ఎకరాల వేరుశనగకు వస్తాయి.

అప్పుడు వాన లెక్క చూసే అక్క వెనక నుంచి అడిగింది. "మేము తాగే నీళ్లు ఈ లెక్కలో యాడున్నాయి సార్?"

లేవు. నేను చదువుకున్న నీటి లెక్క ఫారంలో పంటలే ముందు ఉన్నాయి, మేమూ అలాగే మొదలుపెట్టాం. ఊరి మంచినీళ్ల బోరు కూడా అదే రాతి పగుళ్లలో నుంచి తోడుతుంది. రాసిందంతా చెరిపేసి మళ్లీ వేశాం. మనిషికి రోజుకు 40 లీటర్లు అప్పటి ప్రభుత్వ లెక్క. వెయ్యిమంది ఉన్న ఊరికి ఏడాదికి 1 కోటి 46 లక్షల లీటర్లు. దాన్ని వరి లెక్కలోకి మారిస్తే మూడు ఎకరాలు. ఇప్పుడు ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు, దాని ప్రకారం వేసినా నాలుగెకరాలు దాటి కొంచెం. మూడెకరాల వరి తాగే నీళ్లు వెయ్యిమందికి ఏడాదంతా సరిపోతాయన్న సంగతి అక్కడున్న భూమి లేనివాళ్లు కూడా మొదటిసారి విన్నారు. నేనూ అప్పుడే మొదటిసారి వేసి చూశాను. ఆ సాయంత్రం నుంచి గోడ మీద ఖర్చు వైపు మొదటి గడి తాగునీళ్లది, రెండోది పశువులది, ఆ తర్వాతే పంటలు.

ఈ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాస్తున్నానన్నా తప్పు లేదు. సమావేశం హాల్లో జరిగి ఉంటే ఆ అక్క అక్కడ ఉండేది కాదు. ఆమె లేకపోతే ఆ ప్రశ్న లేదు. ప్రజల భాగస్వామ్యం అన్న మాటను మేం ప్రతి నివేదికలోనూ రాస్తాం. నాకు దాని అర్థం తెలిసింది ఆ గచ్చు మీదే.

మారింది, మారనిది

ఆ రబీ నుంచి బోరు కింద వరి తగ్గింది. పూర్తిగా పోలేదు, ఇంటి తిండికి కొంత మడి ఉంచుకుని మిగతా దాంట్లో వేరుశనగ, కూరగాయలు వేసుకున్నారు. 2003 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సూక్ష్మ సేద్య పథకంలో డ్రిప్పు పెట్టుకున్నవాళ్లు పెరిగారు. ముందెన్నోసార్లు అధికారులు వచ్చి చెప్పినా తీసుకోని రైతులే డ్రమ్ము కొలత చూశాక దరఖాస్తు పెట్టారు. ఒక చోట అన్నదమ్ములు ఇద్దరూ చెరో బోరు వేసుకునే ఆలోచన మానుకుని, ఉన్న ఒక్క బోరు కింద వంతులు పెట్టుకున్నారు.

నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం ఊళ్లో చాలామందికి పేరు మాత్రమే తెలుసు. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదని అందులో ఉందని చెప్పాక, ఆడవాళ్లు ఆ ఒక్క వాక్యం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. తర్వాతి వేసవిలో ఒకాయన టెంకాయ పట్టి చూపించుకున్న బోరు పాయింటు మంచినీళ్ల బోరుకు దగ్గరగా వచ్చింది. పాల వరుసలో నాలుగు రోజులు ఇదే మాట. పోలీసులు రాలేదు, రెవెన్యూవాళ్లు రాలేదు. ఆయనే పాయింటు మార్చుకున్నాడు.

కానీ కొత్త బోర్లు ఆగలేదు. ఇది దాచి రాస్తే ఈ కేస్ స్టడీ ఎవరికీ ఉపయోగపడదు. చీనీ తోట ఉన్న రైతు అందరికంటే బాగా లెక్కలు తెలిసిన మనిషి, మాతో తెల్లవారుజామున టేపు పట్టుకుని తిరిగిన మనిషి. ఆయనే తన తోటలో ఇంకో బోరు వేశాడు. వేసేముందు నా దగ్గరికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. నీళ్లు పడవని తనకు తెలుసన్నాడు. చెట్లను చూస్తూ ఊరుకోలేకపోతున్నానన్నాడు. ఆ బోరులో నీళ్లు పడలేదు. అవగాహన లేక ఆయన ఆ పని చేయలేదు. వరి రైతు ఒక సీజనులో పంట మార్చుకోగలడు, తోట రైతు మార్చుకోలేడు. తోట పెట్టకముందే ఈ లెక్క ఊళ్లో ఉండి ఉంటే బాగుండేది. ఉన్న తోటను కాపాడుకోవడానికి పక్క బోర్లవాళ్లతో నీళ్లు పంచుకునే ఒప్పందం కుదిరించాల్సింది. నేను ఆ వైపు ఆలోచించలేదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

ప్రాజెక్టు అయిపోయాక

నిధులు అయిపోయాయి, మేం వచ్చేశాం. రెండేళ్ల తర్వాత చూడ్డానికి వెళ్తే బోర్ల గడులు ఖాళీగా ఉన్నాయి. వాన గడి మాత్రం నిండుతోంది.

దానికి కారణం పూర్తిగా మా పద్ధతిలోనే ఉంది. బోర్లు కొలిచే ఇద్దరు యువకులకు మేం నెలకు కొంత డబ్బు ఇచ్చేవాళ్లం. ఆ డబ్బు ఆగగానే అది వాళ్ల పని కాకుండా పోయింది. టేపు మా ఆఫీసుది, మాతోనే వచ్చేసింది. అన్నిటికంటే పెద్ద తప్పు రిజిస్టర్లది. గోడ మీది అంకెల్ని నెలాఖరుకు నోటు పుస్తకంలోకి ఎక్కించి మేం తీసుకెళ్లేవాళ్లం, నివేదికలకు కావాలని. గోడ చెరిపి కొత్త నెల రాసేవాళ్లు. నాలుగేళ్ల లెక్క మా దగ్గర ఉంది, ఊళ్లో లేదు. వాళ్ల చేత్తో కొలిచిందాన్ని వాళ్ల దగ్గర లేకుండా చేసింది మేమే. తర్వాత ఆ పుస్తకాల జిరాక్సులు తీసి పాల కేంద్రం బీరువాలో పెట్టించాను. మొదటి నెల నుంచే రెండు పుస్తకాలు రాయించి ఉండాల్సింది.

వాన చూసే అక్కకు మేం ఎప్పుడూ డబ్బు ఇవ్వలేదు, ఆమె అడగలేదు. గేజి ఆమె వాకిట్లో ఉంది, చూడడానికి రెండు నిమిషాలు చాలు, సాయంత్రం పాలకు పోతే పదిమంది అడుగుతారు. అది నిలబడడానికి ఇవే కారణాలు. ఉచితంగా పనిచేయించాలని నేను అనడం లేదు. టేపు పట్టుకుని పొలాలన్నీ తిరిగే పనికి డబ్బు ఇవ్వాల్సిందే. ఆ డబ్బు మా దగ్గర నుంచి కాకుండా పంచాయతీ నుంచో పాల కేంద్రం నుంచో మొదటి రోజే వచ్చి ఉంటే, మేం వెళ్లిపోయినా ఆగేది కాదు.

మహారాష్ట్రలోని హివరే బజార్‌ను చాలామంది ఉదాహరణగా చెబుతారు. అక్కడ పోపట్‌రావ్ పవార్ సర్పంచ్‌గా ఉన్న కాలంలో గ్రామసభే ఏటా నీటి బడ్జెట్ వేసి, తక్కువ వాన పడిన ఏడాది ఎక్కువ నీళ్లు తాగే పంటలు వద్దని తీర్మానించే ఆనవాయితీ వచ్చింది. మా ఊళ్లో లెక్క ఉంది, తీర్మానం లేదు. పాల కేంద్రం వసారాలో తేలిన మాట గ్రామసభ పుస్తకంలోకి ఎక్కలేదు. నేను పంచాయతీ రాజకీయాల జోలికి పోకూడదని దూరంగా ఉన్నాను. అది పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను. జనం కూడే చోటు వసారా అయినా, వాళ్ల మాటకు బలం వచ్చేది గ్రామసభలోనే. ఈ రెండింటినీ కలిపే పని మనలాంటివాళ్లదే.

2019 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం భూగర్భ జలాల కోసం అటల్ భూజల్ యోజన ప్రకటించింది. ఊరివాళ్లే నీటి బడ్జెట్ వేసుకోవడం దానికి గుండెకాయ. ఎంపికైన 7 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన కరువు జిల్లాల రైతులు అంతకు పదిహేనేళ్ల ముందే చేసి చూపిన పని అది. పథకం రాకపోయినా మొదలుపెట్టడానికి ఒక గేజి, ఒక గోడ, నల్ల రంగు డబ్బా చాలు.

కేంద్రం ఎక్కడ పెట్టాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వారం రోజులు ఊళ్లో తిరిగి, మీరు పిలవకుండానే జనం ఎక్కడ కూడుతున్నారో రాసుకోండి. ఆడవాళ్లు ఎక్కడ, కూలికి పోయేవాళ్లు ఎక్కడ, పిల్లలు ఎక్కడ. కొన్ని ఊళ్లలో అది రేషన్ షాపు, కొన్ని చోట్ల మినరల్ వాటర్ ప్లాంటు ముందర క్యాన్ల వరుస. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌వాళ్లు అడిగితే లిఫ్టు పక్కన బోర్డు పెట్టి రోజూ ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో రాయమన్నాను. మొదటి నెల ఆ ఒక్క అంకె చాలు.

పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు గోడకు కొత్తగా నల్ల రంగు వేసి ఉంది. వాన లెక్క ఇప్పుడు అక్క కోడలు రాస్తోంది, అక్షరాలు అత్త రాత కంటే గుండ్రంగా ఉన్నాయి. కుడి వైపు నాలుగు గడులు ఖాళీగా గీసి పెట్టారు. బోర్లకట. పాల బోనస్‌లో కొంత తీసి టేపు కొందామని అనుకుంటున్నారు, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. రెండు తీగల కేబుల్, చిన్న బ్యాటరీ, ఒక బజర్, మధ్యలో చిన్న సర్క్యూట్ ఉంటే మనమే చేసుకోవచ్చు, తీగల చివర్లు నీళ్లకు తగిలితే మోగుతుంది అన్నాను. మోటార్లు బాగుచేసే అబ్బాయి అక్కడే పాలు పోయడానికి నిలబడి ఉన్నాడు. మీటరుకో గుర్తు రంగుతో పెట్టాలా, ఇన్సులేషన్ టేపు చుట్టాలా అని అడిగాడు. రంగు నీళ్లలో పోతుంది, టేపు చుట్టు అన్నాను. మర్నాడు తెల్లవారుజామున పెద్దాయన వాళ్ల పాత బావిలో దించి చూశాం. పద్నాలుగు గుర్తులు దిగాక మోగింది.